వైద్యవిద్యకు దారి

షోలాపురంలో పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజుల్లో ఒక తెలుగు కుటుంబంలో జరిగే చర్చను ఊహించవచ్చు. తండ్రి మరమగ్గాల మీద పనిచేస్తాడు. కూతురు డాక్టరు చదువుతానంటుంది. "హైదరాబాదులో మా అన్నయ్య ఉన్నాడు కదా! ఇంటర్మీడియట్ అక్కడ చదివిద్దాం. తెలుగులోనే చదువుకుంటుంది" అంటుంది తల్లి. ఆ మాట సమంజసంగానే తోస్తుంది. అయితే ఆ ఒక్క నిర్ణయంవల్ల ఆ అమ్మాయి అటు తెలంగాణకూ ఇటు మహారాష్ట్రకూ కూడా బయటి విద్యార్థిని కావచ్చు. అది ఎలా జరుగుతుందో తెలియాలంటే, ముందుగా వైద్య కళాశాలలో సీటు ఏ విధంగా లభిస్తుందో తెలుసుకోవాలి.

భారతదేశంలో ఎం.బి.బి.ఎస్. చదువే డిగ్రీ. పన్నెండో తరగతి కాగానే అందులో చేరవచ్చు. నాలుగున్నర సంవత్సరాల చదువు, ఆపైన ఆసుపత్రిలో ఒక సంవత్సరం తప్పనిసరి శిక్షణ ఉంటాయి. అమెరికాలో వరుస వేరు. అక్కడ సాధారణంగా మొదట నాలుగేళ్ల డిగ్రీ పూర్తిచేసి, ఎంక్యాట్ అనే పరీక్ష రాసి, తరువాత మరో నాలుగేళ్లు వైద్యం చదువుతారు. డిగ్రీలో చరిత్రో సంగీతమో ప్రధానంగా తీసుకున్నా, అవసరమైన విజ్ఞానశాస్త్ర పాఠాలు కూడా చదివి ఉంటే సరిపోతుంది. విదేశంలో స్థిరపడిన బంధువులు "ముందు ఏదో ఒక డిగ్రీ కానివ్వండి" అని చెప్పేది ఆ పద్ధతినిబట్టే. ఆ సలహా ఇక్కడ పనికిరాదు. ఇక్కడ బి.యస్సీ. ముగించినవారు కూడా ఇంటర్మీడియట్ పిల్లలతో కలిసి అదే ప్రవేశ పరీక్ష రాయాలి. వారికి వేరే ద్వారమంటూ లేదు. కనుక వైద్యవిద్యకు సంబంధించిన మొదటి నిర్ణయం పదకొండో తరగతిలో చేరేటప్పుడే తీసుకోవలసి వస్తుంది. పదిహేను, పదహారేళ్ల వయసుకు ఇది పెద్ద బరువే.

ఆ ప్రవేశ పరీక్ష పేరు నీట్. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ ఉండేది. తమిళనాడులో కొన్నేళ్లపాటు పన్నెండో తరగతి మార్కులనుబట్టే సీట్లు ఇచ్చారు. 2017 నాటికి రాష్ట్రాల వైద్య కళాశాలలన్నింటికీ నీట్ ఒక్కటే ఆధారమయింది. 2025లో జరిగిన పరీక్షలో మూడు గంటల్లో 180 ప్రశ్నలకు జవాబులు గుర్తించవలసి వచ్చింది. అందులో జీవశాస్త్రం నుంచి 90, భౌతికశాస్త్రం నుంచి 45, రసాయనశాస్త్రం నుంచి 45 ప్రశ్నలు వచ్చాయి. ఒప్పుకు నాలుగు మార్కులు. తప్పుకు ఒక మార్కు కోత. వృక్షాలన్నా జంతువులన్నా ఇష్టం, లెక్కలంటే భయం అనే కారణంతో ఈ దారి ఎంచుకొనేవారు చాలామంది ఉన్నారు. భౌతికశాస్త్రంలో లెక్కలు తప్పవన్న సంగతి వారికి ఆలస్యంగా తెలుస్తుంది. ప్రశ్నలు పదకొండు, పన్నెండు తరగతులు రెండింటి నుంచీ వస్తాయి. కాబట్టి మొదటి సంవత్సరాన్ని తేలికగా తీసుకున్నవారికి రెండో ఏడు భారం రెట్టింపవుతుంది.

పదకొండో తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతోపాటు ఇంగ్లీషు కూడా ఉండాలి. కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడులలో జీవశాస్త్రంతోపాటు గణితం కూడా తీసుకొనే వీలుంది. అలా తీసుకుంటే ఇంజనీరింగుకు కూడా దారి ఉంటుంది. అయితే ఆ నాలుగు బరువులనూ మోయగలనా అని విద్యార్థి తనను తాను నిజాయితీగా ప్రశ్నించుకోవాలి.

ఇక భాష సంగతి. నీట్‌ను పదమూడు భాషల్లో నిర్వహిస్తున్నారు. వాటిలో తెలుగు ఉంది. కాని తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని కేంద్రాల్లోనే ఇస్తారు. బళ్లారిలోనో, బరంపురంలోనో, హోసూరులోనో రాసేవారికి అది దొరకదు. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు పాఠాన్నే ప్రమాణంగా తీసుకుంటారు. అందువల్ల తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు పదో తరగతి నుంచే జంట పదాలు అలవాటు చేసుకోవడం మంచిది. కిరణజన్య సంయోగక్రియ అన్నప్పుడు ఫోటోసింథసిస్, వృక్కం అన్నప్పుడు కిడ్నీ, శ్వాసక్రియ అన్నప్పుడు రెస్పిరేషన్ కూడా మనసులో మెదలాలి. విషయం తెలుగులో బాగా అర్థమై ఉంటే ఈ రెండో పేరు నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు. విషయమే అర్థం కాకపోతే ఇంగ్లీషు పదం కంఠస్థం చేసినా ఫలితం ఉండదు.

మొదట చెప్పిన చిక్కు సీట్ల పంపకంలో ఉంది. ప్రభుత్వ వైద్య కళాశాలల సీట్లలో నూటికి 15 దేశమంతటి విద్యార్థులకు చెందుతాయి. మిగిలిన 85 ఆయా రాష్ట్రాలవి. ఒక రాష్ట్రానికి చెందడమంటే మాట్లాడే భాష కాదు, చదివిన చోటు, నివాసం. మహారాష్ట్రలో స్థానికులుగా పరిగణన పొందాలంటే సాధారణంగా పదో తరగతి, పన్నెండో తరగతి రెండూ ఆ రాష్ట్రంలోనే ఉత్తీర్ణులై ఉండాలి. తెలంగాణ 2024లో చేసిన నియమం ప్రకారం ఇంటర్మీడియట్‌తో ముగిసే వరుస నాలుగు సంవత్సరాలు అక్కడే చదివి ఉండాలి. ఈ నియమాన్ని సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. మేనమామ ఇంట్లో ఉండి రెండేళ్లు చదివిన అమ్మాయికి తెలంగాణలో నాలుగేళ్లు నిండవు. మహారాష్ట్రలో పన్నెండో తరగతి లేదు. ఇంటర్మీడియట్ కోసం ఎల్ల దాటించే అలవాటు సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలలో బలంగా ఉంది. ఈ నష్టం వారికి సీటు అడిగేవేళ తప్ప కనిపించదు.

తమిళనాడులో మరొక విశేషం ఉంది. ఆరో తరగతి నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ పాఠశాలల్లో చదివి, నీట్‌లో అర్హత పొందినవారికి 2020 నుంచి నూటికి 7.5 సీట్లు కేటాయించారు. హోసూరు ప్రాంతపు విద్యార్థి చివరి రెండేళ్లకోసం ప్రైవేటు కళాశాలకు మారితే ఆ అవకాశం చేజారుతుంది. యానాం పిల్లలకు పుదుచ్చేరి వైద్య సీట్లలో ప్రాంతీయ వాటా ఉంది. ఈ నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి, బడి మార్చేముందే ఆ సంవత్సరపు ప్రవేశ వివరాల పుస్తకాన్ని ఉపాధ్యాయులతో కలిసి చదవాలి.

మొదటిసారి సీటు రానివారు మళ్లీ రాయవచ్చు. గరిష్ఠ వయోపరిమితి లేదు. బి.యస్సీ.లోనో నర్సింగులోనో చేరి మళ్లీ రాసేవారూ ఉన్నారు. ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చోవడం కంటె అది మేలు.

షోలాపురం అమ్మాయి ఆ ఊళ్లోనే పదకొండో తరగతిలో చేరితే తెలుగు ప్రశ్నపత్రం దొరకదు. ఇంగ్లీషులోనో మరాఠీలోనో రాయాలి. కాని నివాస ధ్రువపత్రం సక్రమంగా ఉంటే మహారాష్ట్ర సీట్లన్నింటికీ స్థానికురాలిగా పోటీపడవచ్చు. వాటిలో షోలాపురంలోనే 1963లో ఏర్పడిన ప్రభుత్వ వైద్య కళాశాల సీట్లు కూడా ఉన్నాయి.