ల్యాప్‌టాప్‌పై తేనీరు ఒలికినచో ఏమి చేయవలెను?

నేడు మన నేత యిండ్లలో మగ్గము ప్రక్కకు ల్యాప్‌టాప్ కూడ చేరినది. షోలాపురములోనైనను, కాంచీపురములోనైనను జకార్డు డిజైనులు గీయుట, బిల్లులు వ్రాయుట, జి.ఎస్.టి. లెక్కలు పంపుట పెక్కుమందికి దానిపైననే జరుగుచున్నవి. ఆ యింటిలోనే గంజి కుండయు, రంగు నీళ్లును, టీ గ్లాసును ఉండును గదా! ఎప్పుడో ఒకప్పుడు ఒలకక మానదు.

గత వర్షాకాలములో మా యింటిలోనే అట్లు జరిగినది. పిల్లవాని చేయి తగిలి గ్లాసెడు టీ మీటలపై పడినది. మేము గుడ్డతో తుడిచి, తెర వెలుగుచునే యున్నదని సంతోషించి రాత్రివరకు పని చేసితిమి. తెల్లవారి అది పలుకలేదు. మా దానిలో డిజైనులు దాచెడి చిప్పు బోర్డునకే అతికించబడి యుండుటచే అవియు పోయినవి. పండ్రెండు అంచు డిజైనులను పాత చీరలను చూచి మరల గీయుటకు నెలదినములు పట్టినది. మా తప్పు మీరు చేయకుండవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నీరొక్కటే యంత్రమును చెరచదు. టీలో, గంజిలో, రంగు నీటిలో లవణములు కరగియుండును గనుక వాటిగుండ కరెంటు పారును. కరెంటున్న బోర్డు తడిసినచో షార్టగును. రాగి తీగెలు కరగి పచ్చని చిలుము పట్టును. కాబట్టి మొదటి పని తుడుచుట కాదు, కరెంటు ఆపుట.

పొడి చేతితో గోడ స్విచ్చి ఆపి ఛార్జరు తీయుడు. పవర్ మీటను తెర ఆరిపోవువరకు, సుమారు పది సెకండ్లు, నొక్కి పట్టుడు. చేయుచున్న పని దాచుకొందమని ఆగరాదు. పెన్‌డ్రైవు, మౌసు ఊడదీయుడు. బ్యాటరీ విడిగా వచ్చునదైనచో దానిని కూడ తీయుడు. తరువాత మూత తెరచి, ఇంటి కప్పువలె బోర్లించి తువ్వాలుపై నిలుపుడు. అటునిటు ఊపినచో తడి లోపలికి ప్రాకును.

బియ్యపు డబ్బాలో పెట్టుట పలువురకు అలవాటు. బియ్యము బోర్డుమీది తడిని లాగదు సరికదా, తవుడు సందులలో చేరును. వేడిగాలి యంత్రము, ఎండ, పొయ్యి సెగ కూడ పనికిరావు, బ్యాటరీకి అపాయము. బ్యాటరీ ఉబ్బినను, వేడెక్కినను, వాసన వచ్చినను ఛార్జి చేయక, గ్రుచ్చక, మనుష్యులకు దూరముగా ఉంచవలెను.

మంచినీరే పడినచో ఫ్యాను గాలికి కనీసము రెండు దినములు ఆరనిండు. పైన ఆరిన నూలుచిలప లోపల తడిగానుండుట మనమెరుగని సంగతి కాదు. పాలు, చక్కెర కలసిన టీ గాని, గంజి గాని, మజ్జిగ గాని, ఉప్పు వేసిన రంగు నీరు గాని పడినచో ఆరుట చాలదు. నీరు పోయినను జిడ్డు, ఉప్పు నిలిచి చిలుము పెంచును. "పనిచేయునో లేదో చూతము" అని మీట నొక్కక, వీలయినంత త్వరగా మరమ్మతువానికి చూపుడు. ఏమి పడినదో, ఎప్పుడు పడినదో దాచక చెప్పుడు. అతడు బోర్డు విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడుగును. డిస్కు విడిగా నుండునదైనచో ముందుగా దానిలోని డిజైనులను వేరొకచోట ఎక్కించుమని అడుగుడు.

గ్యారంటీ గడువులో నున్నచో బయట విప్పించుటకు ముందు కంపెనీ సేవాకేంద్రమును అడుగుట మేలు. సాధారణ గ్యారంటీ తడి నష్టమునకు వర్తించదు. ప్రమాద నష్టమునకు వేరుగా సొమ్ము కట్టియున్నచో వర్తించవచ్చును.

అన్నిటికన్న మేలైనది ముందుచూపు. మా పెద్దలు జకార్డు అట్టల కట్టలకు తేమ తగులకుండ ఎత్తున వ్రేలాడదీసెడివారు. ఇప్పటి డిజైనులకును ఆ శ్రద్ధయే కావలెను. వారమునకొకసారి రెండు పెన్‌డ్రైవులలో నకళ్లు తీసి, ఒకటి బంధువుల యింట నుంచుడు. టీ గ్లాసునకు వేరొక పీట వేయుడు. యంత్రము పోయినచో మరియొకటి కొనవచ్చును. చేతి పనితనముతో గీసిన అంచు అంగడిలో దొరకదు.