అమ్మ వంటల నోటుబుక్కు, అటక మీది ఇత్తడి సేరు



మా అమ్మ పోయిన ఏడాదికి అటక సర్దుతుంటే ఆమె వంటల నోటుబుక్కు దొరికింది. అట్ట ఊడిపోయింది, పేజీల నిండా నూనె మరకలు. రాత కన్నడ అక్షరాల్లో ఉంది, మాట మాత్రం అచ్చమైన మన తెలుగు. గౌనిపల్లి వైపు పెరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అమ్మ నేర్చిన అక్షరాలు అవే కాబట్టి తన తెలుగును వాటిలోనే రాసి పెట్టుకుంది.

అందులో మామిడికాయ ఊరగాయ లెక్క ఇలా ఉంది: నూరు కాయలకు మూడు సేర్లు కల్లుప్పు. శ్రీనివాసపురం తాలూకాలో కాయలకు కొదవ లేదు గదా, ఆ వేసవిలో యాభై కాయలు తెప్పించాము. లెక్కలు రాసి బతికినవాణ్ణి కాబట్టి ఉప్పు సంగతి నేనే తేల్చాను. సేరు అంటే 80 తులాలు, అంటే 933 గ్రాములు. దాన్ని కిలో అనుకుని, యాభై కాయలకు ఒకటిన్నర కిలో వేయమన్నాను. వానాకాలం రాకముందే జాడీ అంతా బూజు పట్టింది. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అంటేనే బాగుండేది.

తప్పు ఎక్కడుందో మా చిన్నమ్మ చెప్పింది. "ఒరే, అది తూకం సేరు కాదు, కొలత సేరు. గోపురంగా పోసేది." అక్కాచెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు మా తాత ఒకే రకం ఇత్తడి సేర్లు రెండు కొన్నాడట. చిన్నమ్మది ఇంకా ఉంది. దాని నిండా కల్లుప్పు పోసి తూచితే కిలో మీద ఇంకో పావుకిలో దాటింది. మరి అమ్మ సేరు? స్టీలు సామాన్లు కొన్న ఏడు పాత ఇత్తడంతా మూటకట్టి తూకానికి అమ్మింది నేనే. రసీదు కూడా జాగ్రత్తగా ఫైలు చేశాను.

పాత వంట పుస్తకాలు, పాత వంటసామాన్లు సేకరించే అలవాటు నాకు ఆ రోజుతో మొదలైంది. చాలామంది ఒకటి దాచి రెండోదాన్ని వదిలేస్తారు. అనుభవం మీద చెబుతున్నాను, రెండూ కలిసి ఉంటేనే ఉపయోగం.

పుస్తకాల్లో ఏవి దాచాలి

మన ప్రాంతంలో వంట గురించి రాయడం నిన్నమొన్నటి సంగతి కాదు. 1508 ప్రాంతంలోనే మంగరసు కన్నడంలో సూపశాస్త్రం రాశాడు. తమిళంలో మీనాక్షి అమ్మాళ్ పుస్తకం 1951లో వచ్చి ఇంటింటికీ చేరింది. తెలుగులో మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' ఎన్నోసార్లు అచ్చయింది. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆమె 'ప్రమదావనం' శీర్షిక కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళు మన ఇళ్ళలోనూ ఉన్నారు.

అచ్చుపుస్తకం పోతే ఇంకో ప్రతి ఎక్కడైనా దొరుకుతుంది. చేతిరాత నోటుబుక్కు పోతే ఇక పోయినట్టే. కాబట్టి మొదట దాచవలసింది అదే. తర్వాత వారపత్రికల నుంచి కత్తిరించి అంటించిన కాగితాలు, కుక్కరుతో పాటు వచ్చిన చిన్న పుస్తకాలు, పెళ్ళి వంటవాడికి ఇచ్చిన సరుకుల జాబితాలు. మరక లేని ప్రతి మేలని కొందరు వెతుకుతారు. వంట పుస్తకానికి మరకే సాక్ష్యం. ఏ పేజీకి ఎక్కువ నూనె అంటిందో ఆ ఇంట్లో ఆ వంటే ఎక్కువ చేశారన్నమాట.

ఆ రాతల్లో మన మాటలూ ఉంటాయి. విజయవాడ పుస్తకంలో మినప్పప్పు అని ఉంటే అమ్మ పుస్తకంలో ఉద్దిపప్పు. అక్కడ ఉల్లిపాయ, ఇక్కడ ఎర్రగడ్డ. అక్కడ బొబ్బట్లు, ఇక్కడ ఒబ్బట్లు. ఇక చలికాలంలో అనపకాయల పితికిపప్పు చేయడం మనకు ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు.

కొలతల చిక్కు

పాత వంటలు ఇప్పుడు కుదరకపోవడానికి ముఖ్యమైన కారణం కొలతలే. మన దేశంలో మెట్రిక్ తూకాలు 1958లో మొదలై 1962 నాటికి తప్పనిసరి అయ్యాయి. ఇళ్ళలో మాత్రం పాత కొలతలు చాలా ఏళ్ళు నిలిచాయి. అవి కూడా ఊరికొక తీరు. కోస్తా లెక్కలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. మన వైపు నాలుగు పావులు ఒక సేరు.

అన్నీ ఒకే పాత్రతో కొలిచే వంటకు చిక్కులేదు. ఒక పావు పప్పుకు ఒక పావు బెల్లంపొడి అంటే ఏ గిన్నెతో కొలిచినా సరిపోతుంది. ఒకటి లెక్కపెట్టి, ఒకటి తూచి, ఇంకొకటి కొలిచే ఊరగాయ వంటి వాటి దగ్గరే దెబ్బ తింటాము. అక్కడ ఆ ఇంటి పాత్ర లేకపోతే రాసిన అంకెకు అర్థం లేదు.

సామాన్లలో ఏవి చూడాలి

మొదట కొలతపాత్రలు. వాటి మీద కొట్టిన ముద్రలు, అంకెలు ఉంటే చూసి రాసుకోండి. తర్వాత పేర్లు చెక్కించిన గిన్నెలు, చెంబులు. ఎవరి పెళ్ళికి ఎవరు ఇచ్చారో వాటి మీదే ఉంటుంది. కొన్ని ఇళ్ళలో ఒకే పేరు ఒక చెంబు మీద తెలుగులోనూ, ఇంకో చెంబు మీద కన్నడంలోనూ కనిపిస్తుంది.

ఆ తర్వాత రాగులు విసిరిన తిరగలి, సంగటి కెలికిన కట్టె, పప్పుగుత్తి, పులుసు కాచిన రాచిప్ప, ఊరగాయ జాడీలు, పంపు స్టౌ. ఆ రకం స్టౌకు పేరు తెచ్చిన ప్రైమస్ 1892లో స్వీడన్‌లో పుట్టింది. కేజీఎఫ్‌లో గని పనికి పోయినవాళ్ళ ఇళ్ళలో అడిగితే టిఫిన్ క్యారియర్లు చూపిస్తారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ క్యారియర్‌లో ఏమి కట్టి పంపేవాళ్ళో చెప్పగల ఇల్లాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళయిపోయారు. వస్తువుతో పాటు ఆ మాట కూడా రాసుకోవాలి.

జాగ్రత్తలు

ఇత్తడిని చింతపండు, ఉప్పుతో తోమి, కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టండి. ఘాటైన ఆసిడ్ వాడితే చెక్కిన పేర్లు అరిగిపోతాయి. లోపల కళాయి పోయిన ఇత్తడి, రాగి పాత్రల్లో పులుసు, మజ్జిగ, ఊరగాయ పెట్టకూడదు. పులుపుకు లోహం కరిగి చిలుము పడుతుంది, కడుపుకు చేటు. చారు కాచే తగరం చెంబును ఖాళీగా పొయ్యి మీద పెట్టవద్దు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. తగరమని చెప్పి సీసం కలిపి అమ్మేవాళ్ళూ ఉంటారు కాబట్టి, ఎక్కడిదో తెలియని చెంబును చూసుకోవడానికి ఉంచండి, వంటకు వద్దు.

పుస్తకాలకు తేమ, పురుగు శత్రువులు. చిరిగిన పేజీకి ప్లాస్టిక్ టేపు అంటించవద్దు, నాలుగేళ్ళకు గోధుమరంగు మరక మిగులుతుంది. లామినేషన్ అసలే వద్దు. మెత్తటి నూలుగుడ్డలో చుట్టి, గాలి ఆడే చోట బీరువాలో పెడితే చాలు. ముందు ప్రతి పేజీకీ ఫోనుతో ఫోటో తీయండి.

ఇంటి సామాను ఎవరు చూస్తారనుకోవద్దు. పుణేలో దినకర్ కేల్కర్ గారు చిన్నవయసులో పోయిన తన కొడుకు రాజా పేరు మీద పెట్టిన మ్యూజియంలో దీపాలు, అడకత్తెరలు, వంటపాత్రలు ఉన్నాయి. 1975లో దాన్ని మహారాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చేశారు. అహ్మదాబాద్‌లో 1981 నుంచి పాత్రలకే ఒక మ్యూజియం ఉంది. అంత దూరం పోలేనివాళ్ళు రామనగర దగ్గరి జానపదలోకకు పోయి రండి.

ఒక రిజిస్టరు పెట్టండి

ఈ అలవాటుకు డబ్బు అక్కరలేదు, రెండు రూళ్ళ పుస్తకం చాలు. క్రమసంఖ్య, వస్తువు పేరు, మన ఇంట్లో దాన్ని ఏమని పిలిచేవాళ్ళు, ఎవరిది, ఎలా వచ్చింది, ఏ వంటకు వాడారు అని ఆరు గడులు గీయండి. పెద్దవాళ్ళ చేత నోటుబుక్కు పైకి చదివించి ఫోనులో రికార్డు చేయండి. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. కన్నడంలో రాసిన తెలుగును అక్షరం కూడబలుక్కుని చదివినా ఉద్దిపప్పు, పితికిపప్పు అంటే ఏమిటని అడుగుతారు. చెప్పేవాళ్ళు ఉన్నప్పుడే అడగనివ్వండి.

ఇంట్లో చోటు లేక పాత ఇత్తడి అమ్మక తప్పదంటే నేను తప్పు పట్టను. అమ్మేముందు మాత్రం ఆ పావును, సేరును నీళ్ళతో నింపి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో కొలిచి నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి. గోపురంగా కొలిచేవాళ్ళా, తలకొట్టి కొలిచేవాళ్ళా అన్నది కూడా రాయండి. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు నేను పెట్టి ఉంటే మా ఆవిడ యాభై కాయల ఊరగాయ పారబోయవలసి వచ్చేది కాదు.

ఇట్లు,
మీ సంఘం కార్యదర్శి