స్టార్‌ ఇచ్చే ముందు.. టెస్ట్‌ చేశారా?

ఇంజినీరింగ్ అయ్యాక రెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశా. అప్పట్నుంచీ ఓ అలవాటు పట్టుకుంది. ఏది కనిపించినా బగ్ ఎక్కడుందా అని వెతకడం! మొన్నామధ్య తిరుపతిలో ఓ బార్బెక్యూ రెస్టారెంట్‌కి వెళ్లినా అదే పని.

వెంట చిత్తూరు నుంచి వచ్చిన మా పిన్ని కొడుకు. బీటెక్ ఫైనలియర్. క్యాంపస్ ఇంటర్వ్యూలో ‘ఓ లిఫ్ట్‌ని ఎలా టెస్ట్ చేస్తావు?’ అని అడిగితే తెల్లమొహం వేశాడట. ‘ఇదే లిఫ్ట్ అనుకో, మొదలుపెట్టు’ అన్నా.

ముందు గోడ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు వెతికాడు. 14 అంకెల నంబరు కనిపించింది. పాస్! పుట్టగొడుగులు, పన్నీరు బాగా కాలాయి. చికెన్ లెగ్ పీస్ దగ్గరే వచ్చింది చిక్కు. పైన మాడింది, ఎముక దగ్గర జిగటగా ఉంది. ‘ఏంది న్నా ఇది, పచ్చిగా ఉండాది’ అన్నాడు. నాటుకోడి పులుసు, రాగిసంగటితో పెరిగిన నాలుక మరి! బొగ్గుల సెగ ఎక్కువైతే ఇంతే. పైన రంగు చూసి ఉడికిందనుకోకూడదు. కోడిమాంసం లోపల వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కి చేరాలి. వెయిటర్ కుర్రాడికి చెబితే మారుమాట లేకుండా మార్చి తెచ్చాడు.

బిల్లులో సర్వీస్ ఛార్జి కలిపేశారు. దాన్ని తప్పనిసరి చేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది. దిల్లీ హైకోర్టు 2025లో సమర్థించింది. అడిగాం, తీసేశారు.

అసలు పరీక్ష చివర్లో వచ్చింది. ‘అన్నా, 5 స్టార్స్ కొట్టి నా పేరు రాయండి. ఐస్‌క్రీమ్ ఫ్రీ. నాకూ ఇన్సెంటివ్ వస్తుంది’ అన్నాడు కుర్రాడు. డిగ్రీ చదువుతూ సాయంత్రాలు పనిచేస్తున్నాడట. మావాడి వేలు స్క్రీన్ మీదే ఆగిపోయింది. అబద్ధం రాస్తే రేపు ఇంకొకరు పచ్చి చికెన్ తింటారు. నిజం రాస్తే ఈ కుర్రాడికి నష్టం.

కాసేపు ఆలోచించి 3 స్టార్లే ఇచ్చాడు. కింద ఇలా రాశాడు: ‘చికెన్ లోపల ఉడకలేదు. బిల్లు సరిచూసుకోండి. వడ్డించిన అతను మాత్రం వెంటనే సరిచేశాడు’. పేరు కూడా రాశాడు. ఐస్‌క్రీమ్ వద్దన్నాడు.

నెల తర్వాత మరో ఇంటర్వ్యూలో టెస్టింగ్ ప్రశ్న వస్తే ఈ కథే చెప్పాడట. రెండో రౌండ్‌కి పిలిచారు. ఫలితం ఇంకా రాలేదు. కానీ ఈసారి తెల్లమొహం వేయలేదు.

మీరూ రాస్తే..

* ‘సూపర్‌’, ‘వరస్ట్‌’ వద్దు. ఏ వంటకం, ఏం జరిగింది అన్నది రాయండి. మంచి బగ్ రిపోర్టూ అలాగే ఉంటుంది.

* వంటింటి తప్పునీ, వడ్డించే మనిషినీ వేరు చేయండి.

* ఫ్రీగా ఏదైనా తీసుకుంటే ఆ మాట రాయండి.

* బిల్లు పేచీ అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.