చివరి అయిదు మైళ్ళు

దేశ రాజధానిలో రహదారుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా వేల కిలోమీటర్లు, వేల కోట్ల రూపాయలు వినిపిస్తాయి. ఎనిమిది కిలోమీటర్ల రోడ్డు ఒకటి ఉన్నదని గుర్తు చేసేవారు అరుదు. కాని ఆంధ్ర దేశపు చేపల రైతుకు అటువంటి రోడ్డొకటి ఎంతో ముఖ్యమైనది. అది కోల్‌కతా వాకిట ఉన్న కోనా ఎక్స్‌ప్రెస్‌వే.

ఆకివీడు, భీమవరం ప్రాంతాల చెరువులలో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు మంచుగడ్డల నడుమ లారీలకెక్కి బెంగాలుకు పయనమవుతాయి. విశాఖపట్నం, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, భువనేశ్వర్, ఖరగ్‌పూర్ మీదుగా వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ప్రయాణమది. ఆ 16వ నంబరు జాతీయ రహదారి హౌరా జిల్లాలోని నిబ్రాకు చేరిన చోట నగరం వైపు ఒక కొమ్మ చీలుతుంది. గర్ఫా, సంత్రాగాచి మీదుగా సాగి, హుగ్లీ నదిపైని విద్యాసాగర్ సేతువు వద్ద అది ముగుస్తుంది. సేతువు దాటితే ఒకవైపు ఖిదిర్‌పూర్ రేవు, మరొకవైపు గుర్రపు పందాల మైదానం, ఆపైన మహానగరం.

కొమ్మ చరిత్ర తెలియాలంటే సేతువు చరిత్ర తెలియాలి. 1943లో వాడుకలోకి వచ్చిన హౌరా వంతెన ఒక్కటే నగర భారాన్ని మోయలేకపోవడంతో రెండవ వంతెన ఆలోచన వచ్చింది. 1972 మే 20న ప్రధాని ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. పనులు మొదలైనది మాత్రం 1979లో. 823 మీటర్ల పొడవు, 457 మీటర్ల ప్రధాన అంతరం గల ఆ తీగల వంతెన 1992 అక్టోబరు 10న ప్రారంభమైంది. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకు అప్పటికి ఇరవై ఏళ్ళు నిండాయి! కోనా రోడ్డు ఆ వంతెనను జాతీయ రహదారితో కలిపింది.

ఊరి వెలుపల సాఫీగా సాగాలని తలచిన రోడ్డు త్వరలోనే ఊరి నడుమ రోడ్డయింది. 2013లో రాష్ట్ర సచివాలయం సేతువు పక్కనున్న నబన్న భవనానికి తరలింది. సంత్రాగాచి రైల్వే స్టేషను, బస్సుల రద్దీ, రేవు లారీలు అన్నీ దీనిమీదనే. 2022 నవంబరులో సంత్రాగాచి వంతెన మరమ్మతులకు పూనుకోగా వాహనాలను దారి మళ్ళించవలసి వచ్చింది. పగటిపూట భారీ వాహనాలపై నగరంలో ఆంక్షలున్నందున, వేళ తప్పిన లారీ రాత్రి వరకు ఆగవలసిందే. మంచు కరుగుతుంది, సరకు ధర పడిపోతుంది. ఆ నష్టం చివరకు చెరువు గట్టున ఉన్నవాని నెత్తిన పడుతుంది.

ఇందుకు విరుగుడుగా 7.2 కిలోమీటర్ల పొడవున, 1,200 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయంతో ఆరు వరుసల ఎత్తు రహదారిని కేంద్రం తలపెట్టింది. 2025 ఆగస్టు 22న ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. ఇది స్వాగతించదగిన పనే. అయితే రెండు సంగతులు మరువరాదు. మొదటిది, సంత్రాగాచి చెరువు. ప్రతి శీతాకాలంలో వలస పక్షులు అక్కడికి వచ్చి వాలుతాయి. రోడ్డుకు దాపున ఉన్న ఆ చెరువు ప్రశాంతతను కాపాడవలసి ఉన్నది. రెండవది మరింత క్లిష్టమైనది. పైనుండి వేగంగా వచ్చే వాహనాలు దిగవలసినది తిరిగి ఆ పాత సేతువు మీదకే. దాని తీగలకు, బేరింగులకు 2023లోనే మరమ్మతులు ఆరంభించవలసి వచ్చింది. సేతువు బాగోగులు రాష్ట్రానివి, ఎత్తు రహదారి కేంద్రానిది. ఒకరి లెక్క మరొకరి లెక్కతో కలవకపోతే రద్దీ నేల మీదినుండి ఆకాశానికి మారుతుందే తప్ప తగ్గదు.

ఢిల్లీలో రహదారిని పొడవుతో కొలుస్తారు. లారీ డ్రైవరు మాత్రం గమ్యం చేరిన గంటతో కొలుస్తాడు. వెయ్యి కిలోమీటర్ల రాజమార్గం విలువ చివరి అయిదు మైళ్ళలోనే తేలుతుంది. వెనుకటి శంకుస్థాపనకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఈసారైనా శిలాఫలకం మీది అక్షరాలు మాయకముందే రోడ్డు పూర్తి కావాలని ఇటు బెంగాలీలు, అటు తెలుగువారు కోరుకోవడం సహజం.