గార్నిషీ: మూడో వ్యక్తి చేతిలోని ఋణి సొమ్ము

ఉపోద్ఘాతం:
అప్పు తీర్చాలని డిక్రీ వెలువడినా, ఋణి ఇంట జప్తుకు తగినదేదీ కనిపించకపోవచ్చు. అతనికి రావలసిన సొమ్ము మరొకరి దగ్గర ఉండవచ్చు. ఋణికి ఈ విధంగా బాకీపడిన మూడో వ్యక్తిని చట్టం ‘గార్నిషీ’ అంటుంది. హెచ్చరించడమనే అర్థంగల పాత ఫ్రెంచి క్రియ ఈ పదానికి మూలం. గార్నిషీ హెచ్చరిక అందుకొన్నవాడే గాని దోషి కాడు. 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతిలోని 21వ ఆర్డరు 46వ నియమం, 1976 సవరణతో చేరిన 46-ఏ మొదలైన నియమాలు ఇతని బాధ్యతను నిర్ణయిస్తాయి.

వస్తువు - బాకీ:
శిల్పకళకు పేరొందిన ఆళ్లగడ్డలో ఒక శిల్పిపై డిక్రీ వచ్చిందని ఊహిద్దాం. అతని ఉలి, సుత్తి వృత్తి పనిముట్లు; 60వ సెక్షను వాటిని జప్తు నుంచి మినహాయిస్తుంది. అతను అమ్మకానికి చెక్కి నంద్యాలలోని ఒక గిడ్డంగిలో ఉంచిన శిల్పం అతని సొత్తే. దానిని శిల్పికి అప్పగించరాదని గిడ్డంగి యజమానికి నిషేధపుటుత్తర్వు ఇవ్వవచ్చు. నంద్యాలలోనే మరొకరు అంతకుముందు కొన్న శిల్పానికి చెల్లించవలసిన మిగతా ధర మాత్రం బాకీ. 46-ఏ నోటీసు ఈ బాకీకే వర్తిస్తుంది, గిడ్డంగిలోని వస్తువుకు వర్తించదు. ఇంకా చెక్కని శిల్పంపై రావచ్చుననుకొనే సొమ్ము బాకీ కాదు.

గార్నిషీ రక్షణ:
నోటీసు అందిన కొనుగోలుదారు సొమ్మును కోర్టులో జమచేయాలి, లేదా హాజరై కారణం చూపాలి. రెండూ చేయకపోతే అతనిపై వెలువడే ఉత్తర్వును డిక్రీ వలెనే అమలు చేయవచ్చు. బాకీ లేదని అతను వాదిస్తే, దావాలోని వివాదాంశం వలె దానిని విచారించడానికి 46-సి వీలు కల్పిస్తుంది. శిల్పి తనవాడే గదా అని జప్తు తర్వాత అతనికే సొమ్ము ముట్టజెబితే, 64వ సెక్షను ప్రకారం ఆ చెల్లింపు డిక్రీదారు హక్కు ముందు చెల్లదు. అప్పుడు ఒకే బాకీని రెండుసార్లు కట్టవలసిన ప్రమాదం ఉంది. కోర్టులో జమచేస్తే శిల్పి పట్ల అతని బాధ్యత అంతమేరకు తీరిపోతుంది. తర్వాత ఆ డిక్రీ రద్దయినా ఈ విముక్తి నిలుస్తుందని 46-ఎఫ్ చెబుతుంది.

ఉపసంహారం:
గార్నిషీని తెలుగులో ప్రతివాది వంటి మాటతో సూచిస్తే అతను తనపై దావా పడిందని భయపడతాడు. ఆ భయంతో నోటీసును పక్కన పెడితే రక్షణనే కోల్పోతాడు. అందువల్ల ‘బాకీదారునికి హెచ్చరిక’ వంటి తేటమాట ఈ సందర్భంలో అనువైన పారిభాషిక పదం.