నీడలో ఎవరి వాటా ఎంత?

మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద నిలబడితే ఒళ్ళు ఉడికిపోతుంది. పక్కనే ఉన్న వేపచెట్టు కిందకి వెళితే ప్రాణం లేచి వస్తుంది. రెండూ నీడలే కదా! మరి ఈ తేడా ఎందుకు?

రేకు ఎండను అడ్డుకుంటుంది గాని, తాను కాగి ఆ వేడిని కిందికి వెదజల్లుతుంది. చెట్టు అలా కాదు. వేళ్ళు పీల్చిన నీటిని ఆకులలోని పత్రరంధ్రాల గుండా ఆవిరిగా వదులుతుంది. దీనినే బాష్పోత్సేకం అంటారు. 1 గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కెలోరీల వేడి కావాలి. ఆ వేడిని చెట్టు తన ఆకుల నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేదీ ఈ సూత్రం మీదనే. కాబట్టి చెట్లున్న పార్కు అంటే ఊరి మధ్య పెట్టిన పెద్ద మట్టికుండ అన్నమాట!

మరి ఈ చల్లదనం ఊళ్ళో అందరికీ అందుతున్నదా? ఈ ప్రశ్న కొత్తది కాదు.

సుమారు 190 సంవత్సరాల కిందట లండన్ నగరం పడమటి భాగంలో సంపన్నులుండేవారు. హైడ్ పార్కు వంటి రాచ ఉద్యానవనాలు వారికి దగ్గర. తూర్పు భాగంలో కూలీలు, చేతిపనివారు ఇరుకు ఇళ్ళలో కిక్కిరిసి ఉండేవారు. వారికి పార్కు లేదు. విలియం ఫార్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు దేశంలోని మరణాల లెక్కలు పరిశీలించి, తూర్పు లండన్‌లో ఒక పార్కు ఏర్పాటు చేస్తే ఏటా వేల మరణాలు తగ్గవచ్చునని 1839లో రాశాడు. చెడుగాలి వల్లనే జబ్బులు వస్తాయని ఆ రోజుల్లో నమ్మేవారు. సూక్ష్మక్రిముల సంగతి ఇంకా తెలియదు. కారణం పూర్తిగా తెలియకపోయినా, పేదల పేటలలోనే చావులెక్కువన్న సంగతిని అంకెలు బయటపెట్టాయి.

1840లో 30 వేల మంది సంతకాలతో విక్టోరియా రాణికి ఒక మహజరు వెళ్ళింది. పడమటి లండన్‌లోని యార్క్ హౌస్ అనే భవనాన్ని ఒక ప్రభువుకు ఇవ్వగా వచ్చిన 72 వేల పౌండ్లతో తూర్పున స్థలం కొన్నారు. 1845లో విక్టోరియా పార్కు ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఈనాటికీ అది 200 ఎకరాలకు పైగా విస్తరించి పచ్చగా ఉంది.

ఇక అమెరికా సంగతి చూద్దాం. 1930 తరువాతి సంవత్సరాలలో అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి 200కు పైగా నగరాల పటాలు తయారు చేసింది. ఇళ్ళకు అప్పు ఇవ్వడానికి మంచివనుకున్న పేటలకు ఆకుపచ్చ రంగు, ప్రమాదమనుకున్న పేటలకు ఎరుపు రంగు వేసింది. నల్లజాతివారు ఉండే పేటలకు దాదాపు ఎప్పుడూ ఎరుపే. అప్పు పుట్టని చోట పెట్టుబడి రాలేదు, చెట్లూ తక్కువే. ఇళ్ళ విషయంలో జాతి వివక్షను 1968లో చట్టం నిషేధించింది. అయినా, 108 నగరాల ఉపగ్రహ ఉష్ణోగ్రతలను పరిశీలించి 2020లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పాత ఎర్రరంగు పేటల నేల మిగతా పేటల కంటె సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉంది. పటం మీద వేసిన రంగు నేల మీద వేడిగా మిగిలిపోయింది!

దీనికి మార్గమేమిటి? డబ్బును అన్ని పేటలకూ సమానంగా పంచితే సరిపోతుందా? ఒక లెక్క చేద్దాం. ఒక ఊళ్ళో రెండు వార్డులున్నాయనుకోండి. మొదటి దానిలో 5 వేల మందికి 5 ఎకరాల పార్కు ఉంది. రెండవ దానిలో 20 వేల మందికి 1 ఎకరమే. ఎకరం అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. మొదటి వార్డులో మనిషికి 4 చదరపు మీటర్లు వస్తే, రెండవ దానిలో 0.2 మాత్రమే. ఇరవై రెట్ల తేడా! ఇప్పుడు 10 లక్షల రూపాయలను చెరి సగం ఇస్తే, మొదటి వార్డులో తలకు 100 రూపాయలు, రెండవ దానిలో 25 రూపాయలు. చూశారా, వార్డుకు వార్డు సమానంగా పంచినా మనిషికి మనిషి సమానం కాలేదు.

అమెరికాలోని మినియాపొలిస్ నగరం 2016లో దీనికి ఒక పద్ధతి కనిపెట్టింది. పేటలలోని పార్కులకు మార్కులు వేశారు. చుట్టుపక్కల పేదరికం ఎంత, జనసాంద్రత ఎంత, పిల్లలెందరు, పార్కు ఎంత పాతబడింది, ఇంతకు ముందు దానిపై ఎంత ఖర్చయింది వంటివి చూసి, అవసరం ఎక్కువ ఉన్న పార్కుకు ముందు డబ్బు కేటాయించాలని 20 ఏళ్ళ ప్రణాళిక వేసుకున్నారు. లెక్క అందరికీ కనిపించేలా ఉంటే, పలుకుబడి గలవారి పేటకే నిధులు పోయే వీలు తగ్గుతుంది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. మంచి పార్కు వస్తే చుట్టూ ఇంటి అద్దెలు పెరగవచ్చు. అప్పుడు ఎవరి కోసం పార్కు వేశారో వారే పేట వదలవలసి వస్తుంది. అందుకని పార్కుతోపాటు వారి ఇళ్ళ సంగతీ ఆలోచించాలి.

మన దేశంలో 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పార్కులు, తోటలు, ఆటస్థలాలను పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల జాబితాలో చేర్చింది. కనుక మీ ఊరి లెక్క మీరూ తీయవచ్చు. స్నేహితులతో కలిసి రెండు పేటలు ఎంచుకోండి. ఒకే రోజు, ఒకే సమయంలో రెండు చోట్లా థర్మామీటరును నేరుగా ఎండ తగలకుండా 5 నిమిషాలు ఉంచి ఉష్ణోగ్రత రాసుకోండి. చెట్లు లెక్కించండి. దగ్గరి పార్కుకు నడిచి వెళ్ళడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, దాని గేటు ఎప్పుడు తెరిచి ఉంటుందో, రుసుము ఉందో లేదో గమనించండి. అన్నీ ఒక పట్టికలో రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి. తరువాత ఆ పట్టికను మీ వార్డు కౌన్సిలర్‌కు కూడా ఇవ్వండి. లండన్ తూర్పు పేటలవారి కథ కూడా అంకెలతోనే మొదలైంది కదా!