ఆయిల్ ఇంజను చుక్క చుక్క కారుతోందా? ఆయిలు పోయడం కాదు, చోటు పట్టుకోండి!

కరెంటు లేని వాగు గట్టున, కాల్వ చివరి మళ్లలో పైరును బతికించేది ఆయిల్ ఇంజనే. ఇంజను కింద నేల ఎప్పుడూ నల్లగా తడిసి ఉన్నా చాలామంది రైతులు పట్టించుకోరు. ‘పాత ఇంజను కదా, ఆ మాత్రం కారదా!’ అని సరిపెట్టుకుంటారు. గుర్తొచ్చినప్పుడు కాస్త ఆయిలు పోసి నడిపించేస్తారు.

ఒక్క లెక్క చూడండి. పది సెకన్లకు ఒక చుక్క కారితే గంటకు 360 చుక్కలు. సుమారు 30 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా, రోజుకు 8 గంటలు నడిచే ఇంజనులో దాదాపు 100 మిల్లీలీటర్లు పోతుంది. పది రోజులకు ఒక లీటరు! అడుగున మూడు లీటర్లు కూడా పట్టని చిన్న ఇంజనుకు ఇది తక్కువేం కాదు. ఆయిలు తగ్గితే బేరింగులకు తడి అందదు. క్రాంకు గీసుకుపోతుంది, చివరకు ఇంజను పట్టేస్తుంది. అదీ పైరు పొట్ట మీద ఉండి, తడి తప్పనిసరైన రోజుల్లోనే కావచ్చు. చిన్న వాషరుతో పోయేది వేల రూపాయల ఖర్చు దాకా వస్తుంది.

ముందు మట్టం చూడండి

పొద్దున్నే స్టార్టు చేయక ముందు ఆయిలు మట్టం చూడాలి. ఇంజను సమంగా ఉన్న నేల మీద ఉండాలి. గేజి పుల్లను తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. ఇలా నాలుగైదు రోజులు చూసి గుర్తు పెట్టుకోండి.

మట్టం తగ్గుతూ, బయట తడి కనిపిస్తుంటే అది కారుడే. బయట తడి లేకుండా మట్టం తగ్గుతూ, పొగ నీలి రంగులో వస్తుంటే ఆయిలు లోపల కాలిపోతోందన్న మాట. రింగులు, లైనరు చూపించుకోవాలి. మట్టం పెరిగితే సంతోషించకండి. ఆయిలు పలచబడి డీజిలు వాసన వస్తే పంపు నుంచి డీజిలు లోపలికి దిగుతోంది. మజ్జిగ రంగుకు మారితే నీళ్లు చేరుతున్నాయి. ఈ రెండిట్లో ఏది కనిపించినా బాగు చేయించేదాకా ఇంజను నడపొద్దు. ఒకవైపు ఆయిలు కారుతూ, మరోవైపు డీజిలు దిగుతుంటే మట్టం మారనట్టే కనిపిస్తుంది. అందుకే మట్టంతో పాటు ఆయిలు చిక్కదనం, వాసన కూడా చూడాలి.

కడిగితేనే తెలుస్తుంది

ఆయిలు పైనెక్కడో బయటపడి, ఇంజను ఒంటి మీదుగా జారి, కింద ఇంకెక్కడో బొట్టుగా రాలుతుంది. ఫ్లైవీలు గాలికి పక్కలకూ చిమ్ముతుంది. కాబట్టి చుక్క పడే చోటే కారే చోటు అనుకుంటే పొరపాటే.

ఇంజను పూర్తిగా చల్లారాక కిరోసిన్ గాని, డీజిలు గాని బ్రష్షుతో రాసి జిడ్డంతా కడగండి. పెట్రోలు వాడొద్దు, దగ్గర బీడీ కాల్చొద్దు. గాలి ఫిల్టరుకు, బ్రీదరుకు ప్లాస్టిక్ కాగితం చుట్టండి. వేడి మీదున్న ఇంజను మీద చన్నీళ్లు పోస్తే హెడ్డు పగిలే ప్రమాదం ఉంది.

పొడి గుడ్డతో తుడిచాక అతుకుల దగ్గర ముఖానికి రాసుకునే పౌడరో, జల్లించిన సుద్దపొడో పలచగా చల్లండి. ఇంజను కింద తెల్లటి అట్టముక్క పరచండి. చుట్టిన ప్లాస్టిక్ కాగితాలు తీసేసి, పది పదిహేను నిమిషాలు నడిపి ఆపండి. టార్చి లైటు వేసి పై నుంచి కిందికి చూసుకుంటూ రండి. పౌడరు తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైన ఉన్నదే అసలు చోటు. ఏమీ కనిపించకపోతే పంపు లోడు మీద గంటసేపు నడిపి మళ్లీ చూడండి. వేడెక్కితే ఆయిలు పలచబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు కారని చోటు అప్పుడు బయటపడుతుంది.

ఇంజను నడుస్తుండగా చెయ్యి పెట్టొద్దు. కండువా, పంచె కొస బెల్టుకు, ఫ్లైవీలుకు దగ్గరగా రానివ్వొద్దు. డీజిలు పైపు చిమ్ముతుంటే వేలు అడ్డం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపితే పొగ ప్రాణం తీస్తుంది.

ఎక్కడెక్కడ వెతకాలి?

* పైన వాల్వు కవరు ప్యాకింగ్. ఎండి గట్టిపడితే ఆయిలు ఊరుతుంది.
* ఆయిలు పైపుల కీళ్లు, వాటి కింది రాగి వాషర్లు.
* ఫ్యూయల్ పంపు కూర్చునే చోటు. ఇక్కడ ఆయిలా, డీజిలా అన్నది వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి తేల్చుకోవాలి.
* పక్క డోరు ప్యాకింగ్.
* క్రాంకు రెండు కొనల సీళ్లు. ఫ్లైవీలు లోపలి వైపు ఆయిలు గుండ్రంగా చిమ్మి ఉంటే అనుమానం సీలు మీదే. ఈ ఆయిలు బెల్టుకు అంటితే బెల్టు జారి నీళ్లు కూడా తగ్గుతాయి.
* అడుగున డ్రెయిన్ బోల్టు, దాని వాషరు.

సీలు మార్చే ముందు బ్రీదరు చూడండి

పిస్టన్ దిగినప్పుడల్లా క్రాంకు పెట్టెలోని గాలిని నొక్కుతుంది. ఆ గాలి బయటకు పోయే దారే బ్రీదరు. అది దుమ్ముతో, జిడ్డుతో మూసుకుపోయినా, లోపలి పలక అతుక్కుపోయినా గాలికి దారి ఉండదు. బలహీనంగా ఉన్న చోటల్లా ఆయిలును బయటకు తోస్తుంది. అలాంటప్పుడు ఎన్ని కొత్త సీళ్లు వేసినా కొద్ది రోజులకే మళ్లీ కారుడు మొదలవుతుంది. బ్రీదరు విప్పి కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి బిగించండి. చాలా ఇంజన్లలో ఇది ఖర్చు లేని పని. బ్రీదరు శుభ్రంగా ఉన్నా అందులోంచి పొగ గుప్పుగుప్పున వస్తుంటే రింగులు అరిగాయని అర్థం. గుర్తుకు మించి ఆయిలు పోసినా కారుతుంది.

బిగించేటప్పుడు

కవరు బోల్టులను ఒక మూల, దానికి ఎదురు మూల వరసలో కొంచెం కొంచెంగా బిగించాలి. పానాకు పైపు తొడిగి బలం చూపిస్తే కవరు వంగుతుంది, మర పోతుంది. పాత ప్యాకింగ్ పూర్తిగా గీకి తీశాకే కొత్తది వేయాలి. ప్యాకింగ్ ముద్ద ఎక్కువ పూస్తే ముక్కలు లోపల పడి ఆయిలు దారులు మూసుకుపోతాయి. జిడ్డు మీద మైనంలాంటివి అంటించడం దండగ, అవి నిలవవు.

క్రాంకు సీలు, సిలిండరు కింది ప్యాకింగ్ మాత్రం మెకానిక్కుకే వదలండి. ఆ ప్యాకింగ్ మందం మారితే పిస్టనుకు, హెడ్డుకు మధ్య సందు మారుతుంది. సీలు కొత్తది వేసినా కారుతుంటే షాఫ్టు మీద గాడి పడిందేమో, బేరింగు అరిగి క్రాంకు ఆడుతోందేమో చూడమని మెకానిక్కును అడగండి. ‘సీలు మార్చు’ అని కాకుండా ‘ఫలానా చోట పౌడరు తడిసింది’ అని చూపించండి. అవసరం లేని పనులకు డబ్బు పెట్టక్కర్లేదు.

తీసేసిన ఆయిలును కాల్వలో గాని, బావి దగ్గర గాని పారబోయకుండా డబ్బాలో పట్టి ఉంచండి. ఆయిలు పోసినప్పుడల్లా ఎంత పోసిందీ, ఏ తేదీన పోసిందీ షెడ్డు గోడ మీద సుద్దతో రాయండి. రెండు తేదీల మధ్య రోజులు తగ్గుతున్నాయంటే మళ్లీ వెతకాల్సిన సమయం వచ్చిందన్న మాట.